అసిరమ్మ చూడని మూడు సముద్రాలు

బిలాస్‌పూర్ స్టేషన్లో, ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీది ఆడవాళ్ళ వెయిటింగ్ రూములో, అసిరమ్మ పదకొండేళ్ళుగా రైళ్ళను వింటోంది. చూడవలసిన పనిలేదు. హౌరా మెయిలు వస్తే తలుపు గడియ మోగుతుంది. గీతాంజలి వస్తే అద్దం వణుకుతుంది. బొగ్గు గూడ్సు నేల కిందినుంచి వచ్చి ముందు అరికాళ్ళకు చెబుతుంది. ఆడవాళ్ళు నిద్రమొహాలతో వస్తారు, మొహం కడుక్కుంటారు, జడ వేసుకుంటారు, వేరే మనుషులై వెళ్ళిపోతారు. వాళ్ళు వదిలిన తడి పాదాల గుర్తులు ఆరేదాకా ఆ గదిలో ఒక ప్రయాణం మిగిలి ఉంటుంది. అసిరమ్మ దాన్ని గుడ్డపెట్టి తుడిచేస్తుంది.

ఆమె మాత్రం రాయపూర్ దాటి ఎరగదు. తండ్రి కళింగపట్నం దగ్గరినుంచి పట్టాల పనికి వచ్చినవాడు. ఆమె పుట్టింది, పెరిగింది, పెళ్ళాడింది, భర్తను పోగొట్టుకుంది అన్నీ రైల్వే క్వార్టర్లలోనే. భర్త పోయాక ఆ ఆధారం మీద ఇచ్చిన ఉద్యోగమే ఈ ఆయా పని. సముద్రం గురించి తండ్రి చిన్నప్పుడొక మాట చెప్పాడు. అదీ ఇంజన్లుండే లోకో షెడ్డులాంటిదేనట, రాత్రీ పగలూ డ్యూటీ దిగదట. ఆ మాట నలభై ఏళ్ళుగా ఆమె చెవిలో శంఖంలా ఉండిపోయింది.

ఎనభై ఏడో సంవత్సరం, కార్తీకం ముందు, ఆమెకు నలభై ఆరేళ్ళు నిండాయి. అదే ప్లాట్‌ఫారం ఊడ్చే అప్పయమ్మతో మాట అనుకుంది. ఇద్దరూ రైల్వే ఉద్యోగులకు ఏటా ఇచ్చే ఉచిత ప్రయాణపు పాసు చెరొకటి తీసుకుని కళింగపట్నం వెళ్ళి, మోకాలిలోతు నీళ్ళలో నిలబడి రావాలి. అప్పయమ్మ మోకాలిలోతుకు ఒప్పుకోలేదు, చీలమండ చాలంది. ఆ బేరం తేలకుండానే అసిరమ్మ పాసుల ఆఫీసుకు వెళ్ళింది.

కిటికీ అవతలి గుమాస్తా రిజిస్టరు తిరగేసి, కళ్ళజోడు పైనుంచి ఆమెను కాసేపు చూశాడు. ఈ ఏడాది పాసులన్నీ వాడేసుకున్నావు కదా అని హిందీలో అన్నాడు. ఒకటి హరిద్వారానికి, ఒకటి కన్యాకుమారికి. కన్యాకుమారిలో మూడు సముద్రాలు ఒక్కచోటే చూసొచ్చినదానివి, ఇంకా ఎన్ని కావాలని ఎగతాళి చేశాడు. తరవాత గొంతు తగ్గించి, మూడో పాసు నాగపూర్ దగ్గర టికెట్ తనిఖీలో పట్టుబడిందనీ, నీ పేరుమీద ఛార్జిషీటు తయారవుతోందనీ చెప్పాడు.

తిరిగి వస్తూ అసిరమ్మ ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచేసి, మళ్ళీ వెనక్కి వచ్చింది. కోపం తరవాత వచ్చింది. ముందు వచ్చింది అసూయ. తన పేరు పెట్టుకుని ఎవరో గంగలో మునిగారు. తన పేరుతో ఎవరో మూడు రంగుల నీళ్ళ ముందు నిలబడి, చీర కుచ్చిళ్ళు తడుపుకున్నారు. ఇక్కడ తాను ఫినాయిలు వాసనలో ఉంటే, అక్కడ ఇంకొక అసిరమ్మ వెంట్రుకల్లో ఉప్పుగాలి.

వారం తిరక్కుండా ఛార్జిషీటు వచ్చింది. దాన్ని పట్టుకుని ఆమె వెల్ఫేర్ ఇనస్పెక్టర్ రమణమూర్తి దగ్గరికి వెళ్ళింది. ఉద్యోగుల కష్టసుఖాలు చూసే పని ఆయనది. మనిషి సన్నం, నవ్వు వెడల్పు. కాగితం చదువుతున్నకొద్దీ ఆ నవ్వు సన్నబడింది. జబ్బని అబద్ధం చెప్పి, మనిషిని పంపి పాసులు తెప్పించుకుని, బయటివాళ్ళకు అమ్ముకున్నావని అభియోగం. పది రోజుల్లో జవాబు ఇవ్వాలి. జవాబు నచ్చకపోతే ఉద్యోగం పోతుంది.

ఆయన ఫైల్లోంచి ఒక ఉత్తరం తీసి బల్లమీద పెట్టాడు. జూన్ పన్నెండో తేదీది. హిందీలో ఉంది. పది రోజులుగా టైఫాయిడ్‌తో మంచం మీద ఉన్నాను, నోట మాట కూడా రావడం లేదు, కన్యాకుమారి మొక్కు ఉంది, నా పాసు ఈ కాగితం తెచ్చినవాళ్ళకు ఇప్పించగలరు అని. కింద తెలుగులో పేరు.

"ఈ సంతకం నీదేనా, అసిరమ్మా?"

ఆమె ఒంగి చూసింది. చివరి అక్షరం తోక కొంచెం పైకి లేచి ఉంది, గాలికి ఎగిరిన కొంగులా. అది ఆమె చెయ్యి.

"సంతకం నాదే బాబూ. కాయితం నాది కాదు."

"మొదటి మాట అందరూ నమ్ముతారు. రెండోది ఎవరూ నమ్మరు."

తరవాత ఆయన టికెట్ తనిఖీదారు రిపోర్టు చదివాడు. పాసు చూపించిన ఆడమనిషికి పాతికేళ్ళుంటాయట. అసిరమ్మ నేనే అందట. భర్త పేరు అడిగితే తడుముకోకుండా అప్పలస్వామి అని చెప్పిందట. తరవాతి స్టేషన్లో పాసు వదిలేసి దిగి మాయమైందట.

అసిరమ్మ నోటిమీద చెయ్యి వేసుకుంది.

"అలగ పేరెట్టి అనేసిందా? మా ఆయన పోయి పన్నెండేళ్ళయినాది, ఇప్పటికీ నా నోటంట ఆ పేరు రానేదు. రేసన్ కార్డు కాడ అడిగితే సింహాచలం ఉన్న దిక్కుకి సెయ్యి సూపిత్తాను. అది నాను కాదనడానికి ఇంతకన్నా ఏటి కావాల బాబూ?"

రమణమూర్తి నవ్వాడు. నవ్వాక, ఇది మన కాలనీలో చెల్లుతుంది గానీ ఆఫీసర్ల ముందు చెల్లదన్నాడు. ఎప్పుడైనా, ఎవరికైనా, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టావా అని అడిగాడు.

ఆ ప్రశ్నతో అసిరమ్మ కళ్ళ ముందు ఒక ఆకుపచ్చ రేకుపెట్టె తెరుచుకుంది.

అది సీతారామయ్య మేస్టారి పెట్టె. ఆయన గూడ్సు ఆఫీసులో గుమాస్తాగా రిటైరై, గోల్ బజార్ మలుపులో ఒక బల్ల వేసుకుని తెలుగు కుటుంబాలకు అర్జీలూ ఉత్తరాలూ రాసిపెట్టేవాడు. టీ ఇప్పిస్తే చాలు. ఉద్యోగంలో చేరేరోజు అసిరమ్మ వేలిముద్ర వేస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. సిరా పూసుకుంటే చెయ్యి కడుక్కోవాలి, పేరు రాసుకుంటే అక్కర్లేదని, బల్లమీద సుద్దతో ఆమె పేరు రాసి దిద్దించాడు. ముప్పై అయిదేళ్ళ వయసులో ఆమె నేర్చుకున్న అక్షరాలు అవే, ఆ పేరులో ఉన్నవే. వాటితో ఇంకే మాటా రాయడం రాదు. ఆ ఒక్క మాటే ఆమెకున్న చదువంతా.

పాసు ఫారం అడుగున సంతకానికి వదిలిన చోటు చిన్నది. చెయ్యి దానికి అలవాటు పడాలని మేస్టారు ఖాళీ ఫారాల మీదా, తెల్ల కాగితాల అడుగునా రాయించాడు. రాసినవాటిని పారేయలేదు. పెట్టెలో దాచాడు. కాలనీలో అందరి సంతకాలూ అలాగే ఉండేవి అందులో. ఊరినుంచి ఎవరో పోయారని తంతి వస్తే, సాయంత్రం బండికే బయల్దేరాలి. ఆ ఏడుపులో ఎవరు ఫారాలు నింపుతారు, ఎవరు సంతకాలు చేస్తారు? "తంతి వచ్చినప్పుడు ఏడుస్తావా, సంతకం పెడతావా?" అనేవాడు మేస్టారు. తంతి చేతికందిన పది నిమిషాల్లో ఆయన ఫారం నింపి ఆఫీసుకు పంపేవాడు. ఎందరో కొడుకులు తండ్రుల ఆఖరి చూపుకు అందుకున్నది ఆ పెట్టె పుణ్యానే. దాన్ని అనుమానించాలని ఎవరికీ తోచలేదు. అసిరమ్మకు మాత్రం ఏ తంతీ రాలేదు. ఆమె మనుషులంతా ఇక్కడే ఉన్నారు, ఇక్కడే పోయారు. అందుకే ఆమె సంతకాలు ఒక్కటీ ఖర్చుకాకుండా పెట్టెలో పడి ఉన్నాయి.

మేస్టారు పోయి రెండేళ్ళు. బల్ల, స్టూలు, పెట్టె అన్నీ ఆయన తమ్ముడి కొడుకు రాకేష్‌కు వచ్చాయి.

అది విని రమణమూర్తి జవాబు తానే రాస్తానన్నాడు. అసిరమ్మ అప్పుడే వద్దంది. ఆ ఉత్తరం ఇంకొకసారి చూడనిమ్మంది.

"నీకు చదవడం రాదు కదా."

"సదవడానికి కాదు బాబూ. సూడ్డానికి."

అసిరమ్మకు ముగ్గు చూపు ఉంది. పొద్దున్నే క్వార్టర్ల మధ్య నడుచుకుంటూ డ్యూటీకి వెళ్తూ, ఏ వాకిట్లో ఎవరు ముగ్గు పెట్టారో, ఎవరికి జ్వరం వచ్చి కోడలు పెట్టిందో చెప్పేయగలదు. ఒక్కో చెయ్యి పిండిని ఒక్కోలా వదులుతుంది. చుక్కలు అవే అయినా మలుపు దాచుకోలేరు. ఆమె ఆ హిందీ ఉత్తరాన్ని అలాగే చూసింది, వాకిలిని చూసినట్టు. ప్రతి పేరా చివరా రాసినవాడి కలం ఊరికే ఆగలేదు. ఒక చిన్న తీగ పాకి, కుడివైపు మెలికపడి, చివర రెండు చుక్కలు రాల్చింది. ఆ తీగను ఆమె కళ్ళలో వేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు డ్యూటీ దిగి నేరుగా గోల్ బజార్ వెళ్ళింది. రాకేష్ మేస్టారి స్టూలు మీదే కూర్చున్నాడు. ముప్పై లోపు వయసు, చేతికి కొత్త గడియారం, చొక్కా జేబులో మూడు కలాలు. హిందీ గడగడా రాస్తాడు. తెలుగు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాడు. అసిరమ్మ ఛార్జిషీటు చూపించి జవాబు రాసిపెట్టమంది. అతను చదివి, పాపం పాపం అన్నాడు. ఎవరో బద్మాష్ చేసిన పని అన్నాడు. మేస్టారి పెట్టెలోని మా కాయితాలు ఏమయ్యాయని ఆమె మాటవరసకు అడిగింది. అన్నీ చెదలు తినేశాయి, అర్పా నదిలో పారబోశానన్నాడు. అలా అంటున్నప్పుడు అతని రెండు కాళ్ళూ బల్లకింద ఆకుపచ్చ పెట్టె మీదే ఉన్నాయి. దానికి కొత్త తాళం వేసి ఉంది. చెదలకు తాళమెందుకో అసిరమ్మ అడగలేదు.

అతను ఒక తెల్ల కాగితం తీసి, అడుగున వేలు పెట్టాడు.

"టెన్షన్ వద్దు పిన్నీ. ఇక్కడ ఒక సంతకం పడెయ్యి. ఇంటికెళ్ళి ఆరామ్‌గా, ఫస్ట్‌క్లాస్‌గా రాసుకుంటాను."

కలం ఆమె చేతిలో పెట్టాడు కూడా. పదకొండేళ్ళ అలవాటు వేళ్ళను ముందుకు తోసింది. కలం మొన కాగితాన్ని తాకింది. నీలం చుక్క ఒకటి పడింది. అక్కడితో ఆమె చెయ్యి ఆగింది.

"ముందు నువ్వు రాసీ నాన్నా. ఆరినాక పెడతాను."

"అరె, నీకు చదవడం రాదు కదా. ముందు పెడితే ఏటి, వెనక పెడితే ఏటి?"

"సదవడం రాదు. సూడ్డం వచ్చు."

అతను నవ్వి, భుజాలెగరేసి రాయడం మొదలుపెట్టాడు. బజారు గోల, పక్కనే జిలేబీ వేగే వాసన, రిక్షా గంటలు. అసిరమ్మకు అవేమీ వినపడలేదు. ఆమె కలం మొనను చూస్తోంది. మొదటి పేరా అయింది. కలం ఆగినట్టే ఆగి, పక్కకు పాకి, కుడివైపు మెలికపడి, రెండు చుక్కలు రాల్చింది.

అసిరమ్మకు గుండె ఒక్కసారి పట్టాలు మారిన బండిలా ఊగింది. మొహం మాత్రం మారలేదు. రాయడం పూర్తయ్యాక కాగితం తీసుకుని ఊదింది, మడిచింది, రొంటిన దోపుకుంది.

"సంతకం పెట్టవా పిన్నీ?"

"తొందరేటి? తంతి రానేదు కదా."

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాక రమణమూర్తికీ ఆ తీగ కనిపించింది. ఇన్నాళ్ళూ అర్జీలు చదివాను గానీ ఒక్కదాన్నీ చూడలేదన్నాడు. కానీ ఆయన మొహం పూర్తిగా విచ్చుకోలేదు. రాసింది రాకేష్ అని తేలుతుంది, బాగానే ఉంది. నువ్వే రాయించావు, ఇద్దరూ కలిసి అమ్ముకున్నారు అంటే ఏం చెప్పాలి? ఆ ఉత్తరం నీకు తెలియకుండా పుట్టిందని చూపించాలి. జూన్ పన్నెండున నువ్వు మంచం మీద లేవని ఎవరు చెబుతారు?

హాజరు పుస్తకం ఉంది కదా అంది అసిరమ్మ. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆయాల మీద అజమాయిషీ చేసే జమాదారు మంచివాడు. వచ్చినవాళ్ళకూ రానివాళ్ళకూ కలిపి హాజరు వేసేస్తాడు. ఆ సంగతి ఆఫీసులో తెలియనివాడు లేడు. అప్పయమ్మ సాక్ష్యం చెప్పినా స్నేహం కొద్దీ చెప్పిందంటారు.

అసిరమ్మ నేల చూస్తూ కూర్చుంది. జూన్ అంటే ఎండ, కుళాయిల్లో గాలి. పన్నెండు అంటే ఏమీ తోచలేదు. ఆ వేసవిలో తనకు గుర్తున్న తేదీ గల కాగితం ఒక్కటే. దాన్ని ఎవరికీ చూపించకుండా దేవుడి పటం వెనక దోపింది. దాని మాట ఎత్తడానికే సిగ్గేసింది. అయినా మెల్లగా చెప్పింది.

"ఆ ఎండల్లోనే నా మీద కంప్లైంటు రాసేరు బాబూ. పెద్దసారు పిలిసి సీవాట్లెట్టి, కాయితం ఇచ్చేరు."

రమణమూర్తి ఆమెను అప్పటికప్పుడు ఇంటికి పంపి ఆ కాగితం తెప్పించాడు. అది హెచ్చరిక. జూన్ పన్నెండున ప్రయాణికురాలితో దురుసుగా ప్రవర్తించినందుకు, అని మొదలైంది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

స్టేషన్లో ఫిర్యాదు పుస్తకం కార్బన్ పెట్టి రాస్తారు. ఒక ప్రతి రాసినవాళ్ళకు, ఒకటి పై ఆఫీసుకు, ఒకటి పుస్తకంలో. పై ఆఫీసుకు చేరినదాన్ని ఎవరూ మార్చలేరు. పైగా లోకంలో తన మీద తానే ఫిర్యాదు రాయించుకునేవాళ్ళు ఉండరు.

విచారణ రోజున గదిలో ముగ్గురు ఆఫీసర్లు, ఒక పంకా. అసిరమ్మ ఉతికిన యూనిఫాం చీర కట్టుకుని గోడవారగా నిలబడింది. భర్త పేరు చెప్పమన్నారు. ఆమె కిటికీవైపు చెయ్యి చూపించింది. రమణమూర్తి దగ్గి, తాను చెప్పాడు. తరవాత రెండు కాగితాలు చదివి వినిపించాడు. మొదటిది, టైఫాయిడ్‌తో మంచం పట్టి నోట మాట రాని అసిరమ్మ ఉత్తరం. రెండోది, అదే రోజు పొద్దున్న పదకొండు గంటల ఇరవై నిమిషాలకు బొంబాయి వెళ్ళే ఒక ఇల్లాలు రాసిన ఫిర్యాదు. ఒక్క బకెట్ నీళ్ళతో నా చీర ఉతుక్కుంటానంటే ఈ ఆయా ముప్పావుగంట పోట్లాడింది. ఈమె గొంతు ఆఖరి ప్లాట్‌ఫారం దాకా వినపడింది. పొట్టి మనిషి, కుడి మణికట్టు మీద తేలు పచ్చబొట్టు. ఒంట్లో బలం బోలెడుంది, మర్యాద మాత్రం చుక్క లేదు.

పెద్ద ఆఫీసరు రెండో కాగితం చేతిలోకి తీసుకుని మళ్ళీ చదువుకున్నాడు. ఆయన మీసాల కింద ఏదో కదిలింది. సర్వీసు పుస్తకం తెప్పించి గుర్తింపు చిహ్నాల దగ్గర తేలు ఉందో లేదో చూశాడు. అసిరమ్మ అడగకుండానే చెయ్యి చాపింది. పచ్చటి తేలు పంకా గాలికి కొంచెం కదిలినట్టనిపించింది.

"నోట మాట రాని మనిషి ఈమేనా?" అన్నాడాయన.

 ముగ్గురూ నవ్వారు. వెయిటింగ్ రూముకు ఇరవై అడుగుల్లో పాసుల ఆఫీసు పెట్టుకుని, నిక్షేపంలా డ్యూటీలో ఉన్న మనిషి మంచం పట్టానని మనిషిని పంపవలసిన అవసరమేమిటని ఆయనే అడిగి, ఆయనే లేదని రాసుకున్నాడు. తీగ ఉన్న రెండు కాగితాలూ, ఆ ఉత్తరమూ రాకేష్ రాసిన జవాబూ, రైల్వే పోలీసులకు పంపమన్నాడు. అసిరమ్మ ఉద్యోగం నిలబడింది. పాసులు మళ్ళీ ఆమె లెక్కలోకి వచ్చాయి.

రాకేష్‌ను పట్టుకున్నప్పుడు పెట్టెలో నలభైమందికి పైగా పేర్లున్నాయి. వాటిని రమణమూర్తి రైల్వే వాళ్ళ ఇన్‌స్టిట్యూట్ హాల్లో బల్లమీద పరిచి, ఒక ఆదివారం అందరినీ పిలిచాడు. జనం వరసలో నిలబడి ఎవరి పేరు వాళ్ళు తీసుకున్నారు. కొందరు అక్కడే చింపేశారు. కొందరు చొక్కా లోపల పెట్టుకుని, తప్పిపోయిన పిల్లను ఇంటికి తీసుకెళ్తున్నట్టు వెళ్ళారు. సొంతదారులు ఇప్పుడు లేని కాగితాలు బల్లమీద మిగిలిపోయాయి. 

అసిరమ్మకు ఇంకా ఏడు దొరికాయి. ఒకదాని మూల పెన్సిలుతో చిన్నగా ఏదో రాసి ఉంది. ఏటని అడిగింది. మేస్టారి చేతిరాత, బాగుంది అని రాశారు, అన్నాడు రమణమూర్తి. ఆమె ఆ ఒక్క మాటనూ గోరుతో జాగ్రత్తగా చించి తీసుకుని, మిగతాదంతా తునకలు చేసింది.

కార్తీకం పోయింది గానీ పాసు వచ్చింది. ఆ ఫారం రమణమూర్తి నింపుతుంటే అసిరమ్మ పక్కనే నిలబడి, ప్రతి ముక్కా పైకి చదివించుకుంది. తరవాత కలం తీసుకుని, రాత ముగిసినచోటునుంచి తన సంతకం దాకా మిగిలిన ఖాళీలో ఒక ముగ్గు గీత మెలికలు తిప్పుతూ లాగింది. ఇదేమిటని ఆయన అడిగాడు. "సోటుంటే ఎవులో ఒకలు దూరిపోతారు బాబూ" అంది. అప్పటినుంచి బిలాస్‌పూర్ తెలుగువాళ్ళ అర్జీల అడుగున ముగ్గులు కనిపించడం మొదలైంది. పాసుల గుమాస్తా విసుక్కున్నాడు గానీ తిప్పి పంపలేదు.

కళింగపట్నంలో సముద్రం డ్యూటీలోనే ఉంది. అప్పయమ్మ చీలమండ దగ్గర ఆగింది. అసిరమ్మ మోకాలిలోతు వెళ్ళి, చాలాసేపు నిలబడింది. ఒకే సముద్రం. చాలింది.

తిరిగి వచ్చిన నాలుగో రోజు, వెయిటింగ్ రూములో ఒకావిడ పిల్లాడి బట్టలన్నీ కుర్చీలమీద ఆరేసింది. అసిరమ్మ తీయమంది. ఆవిడ తీయనంది. అసిరమ్మ గొంతు ప్లాట్‌ఫారం చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చింది. నీ మీద కంప్లైంటు రాస్తానంది ఆవిడ.

అసిరమ్మ స్టేషన్ మాస్టరు గదికి వెళ్ళి పుస్తకం తెచ్చింది. కొంగుతో దుమ్ము తుడిచి, ఆవిడ ముందు బల్లమీద పెట్టి, కార్బన్ కాగితం సరిచేసి, కలం అందించింది.

"రాయండమ్మా. ఎంత కావాలంటే అంత రాయండి. తేదీ ఎయ్యండి, టైము మర్సిపోకండి. ఇదుగో, తేలు ఈ సెయ్యికి ఉన్నాది."